ఎగిరితే గంట

ఫ్రుంజె,
1984 మార్చి 18

అక్క బుర్మాకాన్‌కి తమ్ముడు మెదెర్ సలాం.

నువ్వు కులాసాగానే ఉన్నావని నమ్ముతున్నాను. లేకపోతే ఈపాటికి కజర్మాన్ లోయంతా దద్దరిల్లేలా ఎవరినో ఒకరిని తిట్టి ఉండేదానివి, అందులో కొంత నా వాటాకి వచ్చేది.

విషయం ఏమిటంటే నీ మనవరాలు బేగాయిమ్ లేచి నిలబడింది. సోఫా పట్టుకుని నిలబడి, కాసేపు సోఫా కూడా వదిలేసి, మా అందరి మొహాలూ వరసగా చూసి, మళ్ళీ కూలబడింది. మాలో ఎవరి దగ్గరికీ నడిచి రావాలని దానికి అనిపించినట్టు లేదు. మావాడు ఎసెన్ తన కూతురు రేపో మాపో అడుగు వేస్తుందని ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకుని తిరుగుతున్నాడు. కోడలు గుల్బార పక్కవాటా వాళ్ళకి చెబుతోంది. కాబట్టి పిల్ల కాళ్ళకి తాడు కట్టి కోసే వేడుకకి వేళయింది.

నా కాళ్ళకి కట్టిన నలుపు తెలుపు తాడు కోసింది నువ్వు. పదేళ్ళ పిల్లవి, పందెంలో ఊళ్ళో మగపిల్లలందరినీ వెనకేసుకుని వచ్చి కోశావట. ఎసెన్ తాడు కోసిందీ నువ్వే. కోసినవాళ్ళ నడకే బిడ్డకి వస్తుందంటారు గనుక నాకూ వాడికీ నీ నడకే వచ్చింది. నీ నోరు రాలేదు, అది మా ఇద్దరి పెళ్ళాల అదృష్టం. ఇప్పుడు బేగాయిమ్‌కీ నీ నడకే కావాలి.

రావడానికి ఇబ్బంది ఏముంది చెప్పు. రోడ్డు మీదయితే నరీన్ పట్నం చుట్టూ తిరిగి రెండు రోజులు. ఎగిరితే గంట. మ్యాపు మీద నా వేలు పెట్టి చూశాను, మీ ఊరికీ మా ఊరికీ మధ్య దూరం వేలి మొదటి కణుపు కూడా లేదు.

ఇంకో మాట. మా వియ్యపురాలు సల్తనత్ గారు, అదే గుల్బార వాళ్ళమ్మ, మొన్న వచ్చి తాడు పేనడానికి ఉన్ని కొన్నానని చెప్పి వెళ్ళింది. ఎవరూ అడగలేదు. ఆవిడ ఇల్లు మాకు ఒక్క స్టాపు దూరం అని మాత్రం గుర్తుచేస్తున్నాను.

నీ తమ్ముడు,
మెదెర్‌బెక్


కజర్మాన్,
ఏప్రిల్ 4

మెదెర్,

నీ ఉత్తరం నిన్న చేరింది. ముప్పై ఏళ్ళు ఈ కొండల్లో కాలినడకన టపా మోసినదాన్ని గనుక చెబుతున్నాను, ఫ్రుంజె ఉత్తరం రెండు వారాల తరవాత వచ్చిందంటే నా తరవాత ఆ సంచీ తగిలించుకున్నవాడు దాన్ని తలకింద పెట్టుకుని పడుకుంటున్నాడు. అందుకే ఈ జవాబు టపాలో వెయ్యలేదు. మా వీధి సతర్కుల్ విమానం నడుపుతున్నాడు కదా, వాడి జేబులో పెట్టాను.

మ్యాపు మీద వేలు పెట్టి కొలిచావా. చాలా సంతోషం. వాచీలు బాగుచేసే వేలు, చిన్నచిన్న వాటికి అలవాటుపడింది. ఆ కణుపు కింద ఎన్ని కొండలు నలిగిపోయాయో ఒకసారి వేలెత్తి చూడు.

గంట ప్రయాణమేరా, నేను కాదన్నానా. ఆ గంట ఎప్పుడు మొదలవుతుందో చెప్పే నాథుడు లేడు. ఒకరోజు మబ్బు. ఒకరోజు గాలి. మబ్బూ గాలీ లేని రోజున విమానమూ లేదు. అన్నీ కుదిరిన రోజున రన్‌వే మీద గొర్రెలు. గొర్రెలని తోలేసరికి మబ్బు. నీ ఉత్తరం రాకముందే, పాపని చూద్దామని మూట కట్టుకుని అయిదుసార్లు వెళ్ళాను, అయిదుసార్లూ గొర్రెలతో కలిసి ఇంటికొచ్చాను. నీకోసం చేసిన పెరుగు ఉండలు ఆ తిరుగుళ్ళకి రాళ్ళయిపోయాయి. అవి ముందు నుంచీ రాళ్ళలాగే ఉంటాయని నువ్వు అంటావు, అందుకే నేనే అనేస్తున్నాను.

సల్తనత్ ఉన్ని కొందా. కొననీ. ఒక్క స్టాపుకి ట్రాలీబస్సు కోసం అరగంట నిలబడే మనిషి. ఆమె తాడు కోస్తే నా మనవరాలు బతుకంతా బస్టాపులో నిలబడుతుంది.

మేఘం విడవగానే వస్తాను. తొందరపెట్టకు.

బుర్మాకాన్


ఫ్రుంజె,
ఏప్రిల్ 8

అక్కా,

విమానం రావడంలేదని నువ్వు రాసిన ఉత్తరం విమానంలో వచ్చింది.

ఈ వాక్యం రాసి కాసేపు పెన్ను కింద పెట్టాను, నువ్వు రెండుసార్లు చదువుకోవడానికి వీలుగా. సతర్కుల్ నా షాపుకి స్వయంగా వచ్చి ఇచ్చాడు. వాతావరణం ఎలా ఉంది తమ్ముడూ అని అడిగితే, 'వారం నుంచీ అద్దంలా ఉందన్నా, రోజు విడిచి రోజు వస్తున్నాం' అన్నాడు. నేను నవ్వాను. వాడికి ఎందుకో అర్థంకాలేదు. టీ ఇచ్చి పంపాను.

అక్కా, నా చెవిలో పువ్వు పెట్టడానికి నీకు అరవై రెండేళ్ళొచ్చాయి, నాకు యాభై మూడు. అసలు సంగతి నాకు తెలుసు. ఎసెన్ పెళ్ళిలో సల్తనత్‌ని గుమ్మానికి ఎదురుగా, గౌరవమిచ్చే పైచోటున కూర్చోబెట్టి, నిన్ను ఆవిడ పక్కన కూర్చోబెట్టాం. పక్కన అంటే జానెడు కిందికి. ఆ జానెడు నువ్వు మరిచిపోలేదు. రెండేళ్ళనుంచీ దాన్ని దాచుకుని, ఇప్పుడు దానిమీద మబ్బు కప్పుతున్నావు. కోపం ఉంటే కోపం అని రాయి. ఆకాశాన్ని ఎందుకు మధ్యలోకి లాగుతావు, దానికి చాలా పని ఉంటుంది.

బేగాయిమ్ నిన్న ఒక అడుగు వేసింది. గుల్బార వెంటనే పట్టుకుని కూర్చోబెట్టింది. తాడు కోయకుండా నడిస్తే అడుగడుక్కీ పడుతుందని అందరికీ భయం నేర్పింది నువ్వే కదా. ఇప్పుడు మా ఇంట్లో ఏడాది పిల్లని నడవకుండా ఆపడానికి నలుగురు పెద్దవాళ్ళం కాపలా కాస్తున్నాం. మే పండగ దాటాక పదిరోజులు చూస్తాను. ఆపైన సల్తనత్ గారి ఉన్ని, సల్తనత్ గారి కత్తి.

ఇది బెదిరింపు కాదు. బెదిరింపే.

మెదెర్


తంతి. కజర్మాన్, మే 8

గురువారం పన్నెండింటికి దిగుతాను. బుర్మాకాన్.


కజర్మాన్,
మే 11

మెదెర్‌బెక్ గారికి,

తమరి పట్నం చూసి వచ్చాను. బాగుంది. ముఖ్యంగా విమానాశ్రయం బాగుంది, ఎందుకంటే నేను చూసింది అదొక్కటే.

పన్నెండింటికి దిగాను. విమానం ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు, జీవితంలో మొదటిసారి. మూట దించుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. కొడుకులు తల్లుల్ని తీసుకుపోయారు. అల్లుళ్ళు అత్తల్ని కూడా తీసుకుపోయారు. ఒకాయన తన మేకపిల్లని తీసుకుపోయాడు. చివరికి నేనూ, నేల తుడిచే ఆవిడా మిగిలాం. ఆవిడ నన్ను రెండుసార్లు పక్కకి జరగమంది. అక్కడ గోడంతా అద్దం. ఎదురుగా బెంచీ. చూడ్డానికి ఇంకెవరూ దొరక్క రెండు గంటలపాటు నన్ను నేనే చూసుకున్నాను.

నువ్వు రాలేదు. ఎసెన్ రాలేదు. సల్తనత్‌కి ట్రాలీబస్సు దొరికి ఉండదు, ఆమెని ఏమీ అనను.

రెండింటికి సతర్కుల్ తిరుగు విమానం ఎక్కుతూ 'అక్కా, ఇంకా ఇక్కడే ఉన్నావేంటి' అన్నాడు. 'మా తమ్ముడింట్లో విందు అయిపోయింది, ఇంటికి పోతున్నా' అన్నాను. సీటు ఖాళీగా ఉంది. ఎక్కాను. పులిసిన గుర్రంపాల కుమీస్ సీసా దారిలో పొంగి కక్కేసింది, నీకోసం తెచ్చిందే, విమానం తాగింది.

గంట ప్రయాణం అన్నావు. నిజమే. పోను గంట, రాను గంట. నన్ను కాదని జానెడు పైన కూర్చోబెట్టినావిడ చేతే కోయించుకో. నీకు నోరు తెరిచి 'రావద్దక్కా' అని చెప్పే ధైర్యం లేకపోతే ఉత్తరంలో రాయవలసింది.

బుర్మాకాన్, విశ్రాంత టపా ఉద్యోగిని


ఫ్రుంజె,
మే 15

అక్కా,

నీ ఉత్తరం చదివి సతర్కుల్ ముందే కూర్చుండిపోయాను. దయచేసి కళ్ళజోడు పెట్టుకుని ఇది చదువు.

మూడింటికి వచ్చాం. నేనూ, ఎసెన్, గుల్బార, చంకలో బేగాయిమ్, చేతిలో పూలు. సల్తనత్ గారు కూడా వచ్చింది, టాక్సీలో, తన డబ్బుతో. ఒక్క మనిషి లేడు అక్కడ, నేల మాత్రం చాలా శుభ్రంగా ఉంది.

విమానం టికెట్టు మీద వేసేది మాస్కో టైము. మనం దానికి మూడు గంటలు కలుపుకోవాలి. ఇది ఈ దేశంలో పాకే పిల్లలకి కూడా తెలుసు. నువ్వు పన్నెండు అని తంతి కొట్టావు. మా అక్క టికెట్టు మీద ఉన్నది ఉన్నట్టు దింపి ఉంటుంది, పాపం పెద్దావిడ, లెక్క నేను సరిచూసుకోవాలి అనుకుని మూడు కలిపాను. పాపం పెద్దావిడ ముందే కలిపేసిందని నాకేం తెలుసు.

నువ్వు కలిపావు. నేనూ కలిపాను. ఇద్దరికిద్దరం జాగ్రత్తపరులం. మనలో ఒక్కరు తెలివితక్కువవాళ్ళు అయినా ఆ రోజు అందరం కలిసి భోంచేసేవాళ్ళం.

ఫ్రుంజెలో సగంమంది నా షాపుకి వచ్చి టైము సరిచేయించుకుంటారని నువ్వు ఎక్కడా అనకు. నీ మరదలు ఇప్పటికే అనేసింది. వియ్యపురాలయితే పూలవైపు ఒక చూపు చూసింది. అది ఇంకా బాధ.

ఇంకోసారి రా. ఈసారి మాస్కో వద్దు, ఫ్రుంజె వద్దు. 'వస్తున్నా' అని ఒక్క ముక్క కొట్టు, పొద్దున నుంచీ అక్కడే కూర్చుంటాను.

మెదెర్


కజర్మాన్,
మే 24

మెదెర్,

సరే, నీ లెక్క అర్థమైంది. కోపం లేదు. ఉన్నా నీ మీద కాదు.

ఆలోచించాను. తాడు సల్తనత్ చేత కోయించు. మంచి మనిషి. టాక్సీలో వచ్చిందంటున్నావు, పెద్దమనసు. నిదానస్తురాలు, ఆడపిల్లకి నిదానం మంచిదే. పట్నంలో పెరిగే పిల్లకి పట్నం నడకే రావాలి, నా కొండ నడక దేనికి. పెళ్ళిలో జానెడు సంగతి నేనెప్పుడో మరిచిపోయాను. పైచోటు ఆమెకే తగును.

ఇక్కడ గడ్డి బాగా వచ్చింది. గొర్రెలు రన్‌వే మీదే ఈనుతున్నాయి. పాపకి ముద్దులు.

బుర్మాకాన్


ఫ్రుంజె,
జూన్ 2

అక్కా,

నీ ఉత్తరం చదివి నాకు భయం వేసింది. నువ్వు ఒకరిని మెచ్చుకోవడం నేను యాభై మూడేళ్ళలో వినలేదు. సల్తనత్ గారికి చదివి వినిపిస్తే ఆవిడా భయపడింది. 'ఒంట్లో బాగుందా ఆవిడకి?' అంది.

సరిగ్గా ఆ రోజే సతర్కుల్ వాచీ గాజు పగిలిందని వచ్చాడు. మా అక్క ఎందుకు రానంటోంది తమ్ముడూ అని అడిగాను. వాడు నా మొహంలోకి చూసి ఇలా అన్నాడు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

'ఎందుకంటారేంటన్నా. ఫిబ్రవరిలో మంచుమీద జారింది కదా, నీళ్ళు తెస్తూ. తుంటి సరిగ్గా అతుక్కోలేదు. కర్ర లేకుండా వాకిలి దాటదు. ఆ రోజు మెట్లెక్కించడానికి ఇద్దరం పట్టుకున్నాం. దిగేటప్పుడూ ఇద్దరం. మీకు తెలుసనుకున్నా. చెప్పొద్దందా? అయితే నేను చెప్పలేదన్నా.'

కాబట్టి వాడు చెప్పలేదు.

అంటే అయిదుసార్లు రన్‌వే దాకా వెళ్ళిందెవరు? గొర్రెలతో తిరిగొచ్చిందెవరు? ఇంట్లో కర్ర పట్టుకుని కూర్చుని ఆకాశం మీద నెపాలు వేసిందెవరు? నీకు దెబ్బ తగిలి నాలుగు నెలలు, గంట దూరంలో నీ తమ్ముడున్నాడు, నాకు తెలియడానికి ఒకడి వాచీ పగలాలా? నాకు కోపం వచ్చిందక్కా. ఏడుపు కూడా వచ్చింది, షాపు మూసి ఏడ్చాను. అమ్మా నాన్నా పోయాక నన్ను ఎత్తుకు తిరిగిన కాలు అది.

నువ్వు రాకు. మేమే వస్తున్నాం. అందరం. శనివారం విమానానికి టికెట్లు తీశాను. గంట ప్రయాణం. ఆదివారం తాడు కోసి, సోమవారం తిరిగి వచ్చేస్తాం, ఎసెన్‌కి ఫ్యాక్టరీలో సెలవు లేదు.

మెదెర్


కజర్మాన్,
జూన్ 7

మెదెర్,

రావద్దు. ఈ ఉత్తరం సతర్కుల్ చేతికిస్తున్నాను, శనివారం పొద్దున్నే నీ చేతిలో పెట్టమన్నాను. టికెట్లు వెనక్కి ఇచ్చేయ్.

దాపరికం ఎందుకింక, రాసేస్తున్నాను. కోసినవాళ్ళ నడకే బిడ్డకి వస్తుంది. ఇది నువ్వు నమ్ముతావో లేదో నాకు తెలీదు, నేను నమ్ముతాను. నా నడకంటే నాకు ఎంత గర్వమో నీకు తెలుసు. ఆ నడక పోయింది. ఆ రోజు మీ అద్దంలో మొదటిసారి చూశాను. బెంచీ మీంచి లేచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి బెంచీ దాకా నడిచి చూశాను. ఎడమకాలు ఈడుస్తున్నాను. ఒక పక్కకి ఒరిగిపోతున్నాను. ఎవరో ముసలిది అనుకున్నాను, అది నేనే. నువ్వు పన్నెండింటికే వచ్చి ఉన్నా నేను తిరుగు విమానం ఎక్కేదాన్నేమో. అక్కడిదాకా ఎందుకొచ్చావంటే, పిల్లని చూడాలనిపించింది, వచ్చాను.

ఈ నడక నేను ఆ పిల్లకి ఇవ్వలేను. సల్తనత్ నడక మెల్లది, కానీ తిన్ననిది. అదే ఇప్పించు. ఇది కోపంతో రాయడం లేదు.

అక్క


కజర్మాన్,
జూన్ 26

మెదెర్,

మీ విమానం కొండ దాటాక కూడా మోత వినిపించింది. సల్తనత్ మాటలు అనుకుంటాను.

ముందుగా, రావద్దని నేను రాసిన ఉత్తరం గురించి. సతర్కుల్ దాన్ని ఫ్రుంజె తీసుకెళ్ళాడు, జేబులోంచి తియ్యడం మరిచిపోయాడట, మిమ్మల్ని ఎక్కించుకుని మళ్ళీ ఇక్కడికే తెచ్చాడు, నా వాకిట్లో నా ఎదురుగా నీ చేతిలో పెట్టాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంత దూరం వెళ్ళి బయల్దేరిన చోటికే వచ్చి అందిన ఉత్తరం నేను చూడలేదు. వాడు మరిచిపోయాడని నువ్వు నమ్ముతున్నావా. నేను నమ్మడం లేదు. వాడికి రోజూ పెరుగు ఇచ్చేది నేను, మానేశాను.

రెండోది, నీ గంట ప్రయాణం. ఆదివారం కోత, సోమవారం ఇల్లు అన్నావు. సోమవారం వాన పట్టుకుంది. వారం దాటింది, పదోరోజుకి ఎక్కారు. రోజూ పొద్దున్నే మూటలు కట్టి రన్‌వేకి, మధ్యాహ్నం గొర్రెలతో ఇంటికి. నేను అయిదుసార్లు వెళ్ళానంటే అబద్ధమన్నావు. అబద్ధమే. కానీ ఎలాంటి అబద్ధమో ఇప్పుడు కాళ్ళతో చూశావుగా. ఎసెన్‌కి ఫ్యాక్టరీలో ఏమన్నారో రాయి.

సల్తనత్‌తో ఒకే గదిలో పది రాత్రులు పడుకున్నాను. గురక పెడుతుంది. నేనూ పెడతానట. ఈ సంగతి ఒకరికొకరం చెప్పుకున్నాక మా మధ్య దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. నా తుంటికి రాత్రీ పగలూ గొర్రె కొవ్వు రాసింది, అడగలేదు, వద్దన్నాను, రాసింది. ఉన్ని కొన్నట్టే.

ఇక మూడోది. దీనికోసమే రాస్తున్నాను. నువ్వు ఎదురుగా ఉంటే అనలేకపోయాను.

పందెం పెడదాం, గెలిచినవాళ్ళు కోస్తారు, పూర్వం ఎలా జరిగేదో అలాగే అన్నావు. రన్‌వే మీద గీత గీశావు. అటు చివర తాడు కట్టిన పిల్ల, గుల్బార చేతిలో. సరే, నేనూ కర్రతో నిలబడ్డాను, పందెంలో ఓడిపోతే పిల్లకి నా కాలు అంటదు కదా అని. మెదెర్, నన్ను మీరు ఏమనుకున్నారు? ఎసెన్, ఫ్యాక్టరీ తరఫున పరుగులో కప్పు తెచ్చినవాడు, నాలుగడుగులు వేసి ఏమీ లేనిచోట బోర్లా పడ్డాడు. పడేముందు చేతులు జాగ్రత్తగా పెట్టుకున్నాడు, చూశాను. నువ్వు గుండె పట్టుకుని ఆగిపోయావు, పట్టుకుంది కుడివైపు. సతర్కుల్ విమానం వంక పరుగెత్తాడు, ఏదో మరిచిపోయినట్టు. ఈమధ్య వాడికి మరుపు ఎక్కువైంది.

మిగిలింది సల్తనత్. ఆమె నిజంగా నా ముందుంది. ఎత్తుమడమల బూట్లతో, గౌను పైకి పట్టుకుని, నాకన్నా ఇరవై బారల ముందు. నా మనసు కుదుటపడింది. హమ్మయ్య, ఈవిడ కోస్తుంది అనుకున్నాను. పిల్ల ఇంకా నాలుగు అడుగుల దూరంలో ఉందనగా గడ్డిలో చతికిలబడి బూటు విప్పింది. అందులో రాయి వెతకడం మొదలుపెట్టింది. బూటు దులిపింది, లోపల చూసింది, వాసన కూడా చూసింది. నేను పక్కకి వచ్చి 'లేవండి, వెళ్ళండి' అన్నాను. తల ఎత్తకుండా 'మీరు పదండి వదినా, ఈ రాయి దొరికితేగాని నేను లేవను' అంది. రాయి లేదు మెదెర్. మీరు వెళ్ళాక ఆ గడ్డిలో కర్రతో కెలికి చూశాను.

అందరూ కలిసి నన్ను గెలిపించారు. నాకు కత్తి ఇచ్చారు. పిల్ల నా కాళ్ళవైపే చూస్తోంది. వద్దని అనబోయాను, అప్పుడే అది కాళ్ళకి తాడుండగానే చెయ్యి చాచి నా కర్ర పట్టుకుంది. కోశాను. ఏం చేస్తాను.

ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నా కర్ర పట్టు వదిలాక ఆ పిల్ల నడక ఎలా ఉందో నిజం రాయి. మీ మర్యాదలు నాకు వద్దు.

అక్క


ఫ్రుంజె,
సెప్టెంబర్ 9

అక్కా,

నిజం రాయమన్నావు గనుక ఇన్నాళ్ళు ఆగాను, నిజం స్థిరపడేదాకా.

బేగాయిమ్ నడుస్తోంది. ఎడమకాలు ఈడుస్తోంది.

కూర్చో. కూర్చున్నావా. డాక్టరుకి చూపించాం. ఆయన దాన్ని బోర్లా, వెల్లకిలా తిప్పి, మోకాళ్ళు వంచి, 'పిల్లకి ఏ లోపమూ లేదు, మీ ఇంట్లో ఎవరైనా ఇలా నడుస్తారా?' అన్నాడు. పది రోజులు నీ వెనకే నీ కర్ర పట్టుకుని వాకిలంతా తిరిగింది కదా, నడవడం అంటే అదే అనుకుంది. కర్రకి బదులు పొడుగాటి చెక్క చెంచా ఒకటి పట్టుకుంటుంది. ఎడమపక్కకి ఒరుగుతుంది. నడుం మీద చెయ్యి వేసి, గుమ్మం దగ్గర ఆగి, ఊపిరి వదిలి 'హుఁ' అంటుంది. దాన్ని చూసి మొదట గుల్బార ఏడ్చింది, తరవాత ఇంటికి వచ్చినవాళ్ళందరూ నవ్వారు. నీ మరదలు అయితే, అది ఎదురుపడితే పక్కకి తప్పుకుంటోంది, తిడుతుందేమోనని.

ఇక అసలు సంగతి. అడుగడుక్కీ పడుతుందని అందరం భయపడ్డాం కదా. పట్టు వదిలి సొంతంగా నడవడం మొదలుపెట్టి రెండు నెలలు దాటింది. పక్కవాటాలో ఇదే ఈడు పిల్లవాడు, తిన్నగా నడుస్తాడు, రోజూ పడి నుదురు చీల్చుకుంటాడు. ఇది ఒక్కసారి పడలేదు. ఒక్కసారి కూడా, అక్కా. చెంచా ఆనించి, కాలు ఈడ్చి, చూసుకుని, మళ్ళీ అడుగు వేస్తుంది. నిన్న తలుపు తీసి ఉంటే మెట్లు దిగిపోయింది. వెతుక్కుంటూ వెళితే ట్రాలీబస్సు స్టాపులో దొరికింది. బస్సు కోసం కాదు, దాన్ని దాటి పోతోంది.

సల్తనత్ గారు చూసింది. నేను ఆవిడ ఏమంటుందోనని బిగుసుకుపోయాను. ఆవిడ అంది, 'మీరెవరూ దాని నడక దిద్దకండి. ఆవిడ అలా నడిచే పందెంలో నన్ను దాటి వెళ్ళింది.'

డాక్టరు మాటల్లో ఇంకొకటి ఉంది. పెద్దవాళ్ళ తుంటి మళ్ళీ సరిచేయవచ్చట, ఇక్కడ ఆసుపత్రిలో. నేను నీ సంగతే అడిగానని ఆయనకి తెలుసు. వస్తావా?

మెదెర్


కజర్మాన్,
సెప్టెంబర్ 21

మెదెర్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అయిదోసారి సతర్కుల్ చేత చదివించుకున్నాను, పడలేదన్న ముక్క నేను సరిగ్గా చదివానో లేదోనని. సరిగ్గానే చదివాను. చాలాసేపు ఏడ్చాను, వాడు కిటికీలోంచి గొర్రెలని చూస్తూ కూర్చున్నాడు. వాడికి మళ్ళీ పెరుగు ఇస్తున్నాను.

నా కాలు ఆ డాక్టరుకి చూపిస్తాను. బాగుచేస్తానంటే చెయ్యనీ. కానీ ముందు పిల్లని నా పక్కన నడిపించు, దాని చెంచాతో అది, నా కర్రతో నేను. మీ మెట్ల దాకా ఒకసారి అలా నడవాలి, తరవాత ఏం చేసుకుంటారో చేసుకోండి.

సల్తనత్‌కి చెప్పు, రాయి దొరికింది. ఆ గడ్డిలోంచే ఒకటి ఏరాను, తెచ్చిస్తాను, బూటులో పెట్టుకోమను. పెళ్ళిళ్ళలో పైచోటు ఆమెకే, ఈసారి నిజంగానే అంటున్నాను.

వచ్చేవారం ఎక్కుతాను. ఏ రోజో అడగకు, ఆకాశాన్ని అడుగు. ఏ టైముకో రాయను, రాస్తే నువ్వు దానికి ఏదో ఒకటి కలుపుతావు. పిల్లని ఎత్తుకుని పొద్దున్నే వచ్చి ఆ అద్దం ఎదురుగా బెంచీ మీద కూర్చో. వచ్చేదాకా కూర్చో. ఎంతసేపు పట్టినా లేవకు.

ఎగిరితే గంటే.

అక్క